బాప్తిస్మం తరువాత తెగ మిగిలి ఉంటుందా? జార్ఖండ్ లూథరన్ సంఘం ముందు జనగణన ప్రశ్న

జంషెడ్‌పూర్: పదహారేళ్ల విరామం తరువాత జరుగుతున్న జనగణనకు 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా కేంద్రం నిర్ణయించింది. దేశంలోని అధిక భాగంలో ఈసారి చర్చ అంతా కులం గడి చుట్టూ తిరుగుతుండగా, జార్ఖండ్‌లో మాత్రం మతం గడి మీద కేంద్రీకృతమై ఉంది. ఆదివాసులకు ‘సర్నా’ పేరుతో ప్రత్యేక మత సంకేతం కేటాయించాలని రాష్ట్ర శాసనసభ 2020 నవంబరు 11న తీర్మానించింది. 2011 జనగణనలో ఈ రాష్ట్రంలో 42 లక్షలకు పైగా ప్రజలు ‘ఇతర మతాలు’ అనే వర్గంలో నమోదయ్యారు. వారిలో అత్యధికులు సర్నా ఆచారాన్ని పాటించేవారే. అదే లెక్కలో క్రైస్తవుల సంఖ్య సుమారు 14 లక్షలు, అంటే జనాభాలో 4.3 శాతం.

సర్నా కోడ్ డిమాండుకు సమాంతరంగా మరో ఉద్యమం సాగుతోంది. మతం మారిన ఆదివాసులను షెడ్యూల్డు తెగల జాబితా నుంచి తొలగించాలన్నది దాని కోరిక. ‘డీలిస్టింగ్’ పేరుతో జనజాతి సురక్షా మంచ్ 2023 డిసెంబరులో రాంచీలోని మొరాబాది మైదానంలో భారీ సభ జరిపింది. ఈ రెండు డిమాండ్లూ ఒకటి కావు. సర్నా కోడ్ కోరేవారందరూ డీలిస్టింగ్‌ను సమర్థించడం లేదు. డీలిస్టింగ్ కోరేవారిలో చాలామందికి ఆదివాసుల మతం హిందూధర్మంలో భాగమన్న అభిప్రాయం ఉంది. అయినా రెండూ కలిసి క్రైస్తవ ఆదివాసిని ఒకే ప్రశ్న అడుగుతున్నాయి: బాప్తిస్మం పొందిన ముండా ఇంకా ముండాయేనా?

ఈ ప్రశ్నకు అందరికంటే ముందుగా, అందరికంటే స్పష్టంగా జవాబు చెప్పవలసిన సంస్థ ఛోటానాగ్‌పూర్‌లోని గోస్నర్ ఎవాంజెలికల్ లూథరన్ సంఘం. ఈ నేల మీద తొలి ప్రొటెస్టంట్ సంఘం అదే. అయితే ఆ జవాబు చెప్పడంలో దానికి ఉన్న ఇబ్బంది కూడా చిన్నది కాదు. ఆ ఇబ్బందిలో కొంత ఇతరులు తెచ్చిపెట్టింది, మరికొంత సంఘం స్వయంగా కొనితెచ్చుకున్నది.

బెర్లిన్‌లో యోహానెస్ గోస్నర్ 1836లో స్థాపించిన మిషన్ నుంచి నలుగురు జర్మన్లు 1845 నవంబరులో రాంచీ చేరుకున్నారు. కలకత్తాలో కూలిపని చేసుకుంటున్న ఛోటానాగ్‌పూర్ ఆదివాసులను చూసి వారు ఈ దారి పట్టారని సంఘ చరిత్ర చెబుతుంది. 1850 జూన్‌లో నలుగురు ఉరాంవ్‌లకు తొలి బాప్తిస్మం ఇచ్చారు. ఆ తరువాత ముండాలు, ఖరియాలు, హోలు వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ మిషనరీలను బ్రిటిష్ ప్రభుత్వం నిర్బంధించి పంపివేయడంతో, 1919 జులై 10న సంఘం స్వయంపాలన ప్రకటించుకుంది. అదే ఏడాది సాక్చి గ్రామం చుట్టూ వెలసిన ఉక్కు పట్టణానికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. ఆదివాసీ సంఘం, ఆదివాసుల నేలపై లేచిన పారిశ్రామిక నగరం ఒకే సంవత్సరంలో కొత్త గుర్తింపు పొందడం యాదృచ్ఛికమే గాని, ఆ రెండింటి కథలు నాటి నుంచి విడిపోలేదు.

ఇక న్యాయస్థానాలు ఏమన్నాయో చూద్దాం. 1962లో లోహర్‌దగా లోక్‌సభ ఎన్నికలో ఓడిపోయిన కార్తిక్ ఉరాంవ్, గెలిచిన డేవిడ్ ముంజ్‌నీ క్రైస్తవుడు గనుక రిజర్వుడు స్థానానికి అనర్హుడని వాదించారు. మతం మారినంత మాత్రాన తెగ సభ్యత్వం పోదని పట్నా హైకోర్టు తేల్చింది. కార్తిక్ ఉరాంవ్ తరువాత ఇదే డిమాండును పార్లమెంటుకు తీసుకువెళ్లారు. నేటి డీలిస్టింగ్ ఉద్యమం ఆయన్నే ఆద్యుడిగా చెప్పుకుంటుంది. కేరళ ప్రభుత్వం, చంద్రమోహనన్ మధ్య వ్యాజ్యంలో 2004లో సుప్రీంకోర్టు మరో మెలిక జోడించింది. మతమార్పిడి వల్ల తెగ హోదా దానంతటదే పోదు. కాని ఆ వ్యక్తి తెగ ఆచారాలను, సంప్రదాయాలను ఇంకా పాటిస్తున్నాడా, తెగ అతన్ని తనవాడిగా ఒప్పుకుంటోందా అన్నది సాక్ష్యాధారాలతో తేల్చవలసిన విషయమని ధర్మాసనం పేర్కొంది.

చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది. ఆచారం పాటించడమే తెగకు సాక్ష్యమైతే, ఆ ఆచారాలను మానిపించింది ఎవరు? పందొమ్మిదో శతాబ్దపు మిషనరీలు బాప్తిస్మం కోరిన వారికి అఖ్‌డాలో నాట్యం, మాందర్ మోత, బియ్యపు సారా, సర్హుల్, కరమ్ పండుగలు అన్నింటినీ దూరం పెట్టారు. సాలవృక్షాల సర్నా తోపులోకి అడుగు పెట్టడం విగ్రహారాధనతో సమానమైంది. అంటే, నేడు క్రైస్తవ ఆదివాసిపై మోపుతున్న ‘ఆచారం వదిలేశాడు’ అన్న అభియోగంలోని తొలి వాక్యాన్ని మిషన్ కాంపౌండులోనే రాశారు. దీన్ని కప్పిపుచ్చితే సంఘం వాదనకు బలం ఉండదు.

విచిత్రమేమంటే, లూథరన్ వేదాంతం ఆ కఠినత్వాన్ని కోరలేదు. లూథర్ బోధకు మూలకందం మనిషి కృప చేత, విశ్వాసమూలంగా నీతిమంతుడిగా ఎంచబడటం. తినేది, కట్టేది, పాడేది, ఏ కర్మకాండ పాటించేదీ రక్షణకు షరతు కాదు. ఇలా దేవుడు ఆజ్ఞాపించనివి, నిషేధించనివి అయిన ఆచారాలను లూథరన్ పండితులు ‘అడియాఫొరా’ అన్నారు, అంటే రక్షణతో నిమిత్తం లేని విషయాలు. 1577 నాటి ‘ఫార్ములా ఆఫ్ కాంకార్డ్’ పదో అధికరణం ఇటువంటి ఆచారాలను ఆయా కాలాలకు, దేశాలకు తగినట్లు మార్చుకునే స్వేచ్ఛ స్థానిక సంఘానిదేనని తీర్మానించింది. ఈ సూత్రం ప్రకారం చూస్తే మాందర్ వాయించడం, కొత్త పంట వేడుక, తలపై సాలపూలు ముడవడం విశ్వాసానికి అడ్డు రావు. బలి, దేవతారాధన వేరు. ఆ గీతను ఎక్కడ గీయాలో తేల్చవలసింది ముండా, ఉరాంవ్ క్రైస్తవులే. బెర్లిన్ నుంచి వచ్చినవారు తమ ఊరి అలవాట్లను అడియాఫొరాగా చూసి, ఇక్కడి అలవాట్లను పాపంగా చూశారు.

ఈ మాటను సంఘం లోపలి నుంచే గట్టిగా చెప్పినవారు నిర్మల్ మింజ్. రాంచీలోని గోస్నర్ కళాశాలకు వ్యవస్థాపక ప్రిన్సిపాల్. 1977లో గోస్నర్ సంఘం చీలి ఏర్పడిన నార్త్ వెస్టర్న్ లూథరన్ సంఘానికి తొలి బిషప్. కుడుఖ్ భాషకు చేసిన సేవకు సాహిత్య అకాడమీ భాషా సమ్మాన్ అందుకున్న రచయిత. ఆదివాసీ జీవనదృష్టిని, నేలతో, సమష్టితో ఉన్న బంధాన్ని సువార్తకు విరోధిగా గాక అది నిలిచే భూమిగా చూడాలని ఆయన జీవితమంతా వాదించారు. 2021లో కన్నుమూసేనాటికి ఆ వాదన వేదాంత కళాశాలల్లో పాఠ్యాంశమైంది. గ్రామసంఘాల్లో ఎంతవరకు ఆచరణకు వచ్చిందన్నది వేరే లెక్క. సంఘం చీలికలోనే తెగల మధ్య, నాయకత్వం మీద పెరిగిన అపనమ్మకం కనిపిస్తుంది. కృప అందరికీ సమానమని బోధించే సంఘం పదవుల పంపకంలో తెగను మరువలేకపోయింది. దీన్ని ఛోటానాగ్‌పూర్‌కే ప్రత్యేకమైన లోపంగా భావించే తెలుగు పాఠకులు ఎవరైనా ఉంటే, మన సంఘాల్లో బిషప్ ఎన్నికల సమయంలో జరిగే కుల సమీకరణలను ఒకసారి తలచుకోవచ్చు.

అయితే అడియాఫొరా సూత్రానికి రెండో అంచు ఉంది. దాన్ని విస్మరించి ‘ఆచారాలన్నీ తిరిగి పాటిద్దాం, సమస్య తీరుతుంది’ అనడం తొందరపాటు. 1548లో చక్రవర్తి ఐదో చార్లెస్ ‘ఇంటరిమ్’ ఆజ్ఞతో పాత ఆరాధనా ఆచారాలను లూథరన్లపై తిరిగి రుద్దినప్పుడు, అవి అప్రధాన విషయాలే గనుక లొంగవచ్చునని మెలాంక్తన్ అన్నాడు. ఫ్లాసియస్ ఒప్పుకోలేదు. బలవంతం మొదలైన చోట ఏ ఆచారమూ అప్రధానం కాదని అతని వాదం. ఫార్ములా ఆఫ్ కాంకార్డ్ చివరకు ఆ వాదాన్నే స్వీకరించింది. స్వేచ్ఛగా చేస్తే తప్పులేని పనిని, విశ్వాసానికి పరీక్షగా ఎవరో విధించినప్పుడు చేయకూడదు.

జార్ఖండ్ క్రైస్తవుడు ఇప్పుడు నిలబడినది ఈ రెండు అంచుల మధ్యనే. తనంత తాను సర్హుల్ ఊరేగింపులో నడిస్తే అది పూర్వీకుల పట్ల గౌరవం. కుల ధ్రువీకరణ పత్రం పోతుందన్న భయంతో నడిస్తే అది మరొకటి. పైగా అతను దగ్గరకు వచ్చినా స్వాగతం దొరుకుతుందన్న హామీ లేదు. 2013లో రాంచీ సమీపంలోని సింగ్‌పూర్‌లో కేథలిక్ సంఘం ఎర్ర అంచు తెల్లచీర కట్టిన ఆదివాసీ తల్లిగా మరియమ్మ విగ్రహాన్ని ప్రతిష్ఠించినప్పుడు, తమ సంస్కృతిని అపహరిస్తున్నారంటూ సర్నా సంఘాలు ఆందోళనకు దిగాయి. దూరంగా ఉంటే ఆచారం వదిలేశారంటారు, దగ్గరకు వస్తే దొంగిలించారంటారు. సర్నా వర్గాల ఆవేదనను తేలిగ్గా కొట్టిపారేయడమూ సరికాదు. తరతరాలుగా తమ పూజను దెయ్యాల కొలువు అని పిలిచినవారే ఇప్పుడు ఆ గుర్తులను ధరిస్తే అనుమానం కలగడం సహజం.

డీలిస్టింగ్‌ను ఉద్యోగాల, విద్యాలయ సీట్ల వివాదంగానే చూపుతున్న కథనాలు అసలు విషయాన్ని వదిలేస్తున్నాయి. అసలు విషయం భూమి. 1908 ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం 46వ సెక్షను ప్రకారం షెడ్యూల్డు తెగకు చెందిన రైతు తన భూమిని డిప్యూటీ కమిషనర్ అనుమతితో అదే పోలీసుస్టేషను పరిధిలో నివసించే మరో షెడ్యూల్డు తెగ వ్యక్తికి మాత్రమే బదలాయించగలడు. జాబితా నుంచి పేరు తొలగితే ఆ కవచమే తొలగే ప్రమాదం ఉంది. గనులు, కర్మాగారాలు, విస్తరిస్తున్న నగరాలు ఉన్న రాష్ట్రంలో దీని అర్థం వివరించనక్కరలేదు.

ఈ చట్టం వెనుక లూథరన్లకు గర్వమూ, సిగ్గూ కలగలిసిన చరిత్ర ఉంది. 1858 తరువాత జమీందార్లపై భూమి హక్కుల కోసం సాగిన సర్దారీ పోరాటంలో ముందు నిలిచినవారిలో లూథరన్ ముండాలు ఎందరో. మిషనరీలు తమ వైపు నిలుస్తారని వారు నమ్మారు. మిషనరీలు చట్టబద్ధమైన అర్జీల దాకా వచ్చి ఆగిపోయారు. 1525లో జర్మన్ రైతులు తమ డిమాండ్లకు లూథర్ రాతలనే ఆధారం చేసుకోగా, ఆయన చివరకు ప్రభువుల పక్షం వహించిన ఘట్టం ఇక్కడ చిన్న పాటిలో మళ్లీ జరిగింది. చాయిబాసాలోని జర్మన్ మిషన్ పాఠశాలలో బిర్సా డేవిడ్‌గా చదువుకున్న కుర్రవాడు ఆ ఆశాభంగంలోనే మిషన్‌ను విడిచిపెట్టాడు. దొరలందరి టోపీ ఒక్కటేనన్న మాట ఆయన పేరిట నేటికీ ప్రచారంలో ఉంది. ఆ బిర్సా ముండా 150వ జయంతిని దేశం 2025లో ఘనంగా జరుపుకుంది. ఆయన మరణించిన ఎనిమిదేళ్లకు వచ్చిన 1908 చట్టం రూపకల్పనలో పేరు తెచ్చుకున్న మతాచార్యుడు జెసూట్ జాన్ హాఫ్‌మన్. లూథరన్ మిషన్‌కు ఆ ఘనత దక్కలేదు.

దీనికి కారణంగా తరచు లూథర్ ‘రెండు రాజ్యాల’ బోధను చూపుతారు. 1523లో లౌకికాధికారంపై రాసిన గ్రంథంలో దేవుడు లోకాన్ని రెండు విధాలుగా, సువార్త ద్వారా ఆత్మీయంగా, చట్టం ద్వారా లౌకికంగా పాలిస్తాడని ఆయన అన్నాడు. భారతీయ లూథరన్ సంఘాల్లో చాలాకాలం ఇది ‘రాజకీయాలు మనకెందుకు’ అన్న మౌనానికి సాకుగా పనికివచ్చింది. నిజానికి చట్టం కూడా దేవుని పాలనే అయితే, అన్యాయపు చట్టం గురించి మాట్లాడే బాధ్యత పెరుగుతుందే గాని తగ్గదు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షను తిరస్కరించడం విశ్వాసానికే సంబంధించిన విషయమని 1977లో దార్ ఎస్ సలామ్ మహాసభలో లూథరన్ ప్రపంచ సమాఖ్య ప్రకటించింది. ఏడేళ్లకు బుడాపెస్ట్‌లో, ఆ వివక్షను వదలని శ్వేతజాతి సంఘాల సభ్యత్వాన్ని సస్పెండు చేసింది. రక్షణ, మనుషులు, సృష్టి అమ్మకానికి లేవన్నది సంస్కరణోద్యమ 500వ ఏట, 2017లో నమీబియాలో జరిగిన మహాసభ నినాదం.

అదే 2017లో జార్ఖండ్‌లో భూచట్టం మీదే వివాదం రేగింది. జంషెడ్‌పూర్ తూర్పు నుంచి ఎన్నికైన నాటి ముఖ్యమంత్రి రఘువర్ దాస్ ప్రభుత్వం వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మళ్లించేందుకు వీలుగా కౌలుదారీ చట్టాలకు సవరణలు తెచ్చింది. సర్నా, క్రైస్తవ సంఘాలు రెండూ వ్యతిరేకించాయి. గవర్నరుగా ఉన్న ద్రౌపదీ ముర్ము ఆ బిల్లును తిప్పిపంపారు. కొద్ది నెలలకే శాసనసభ మతమార్పిడుల నియంత్రణకు మతస్వేచ్ఛ చట్టాన్ని ఆమోదించింది. భూమి మీద కలిసిన రెండు వర్గాలు మతం మీద విడివడటం అప్పటి నుంచి స్పష్టంగా కనిపిస్తోంది.

జంషెడ్‌పూర్ వంటి నగరంలో ఈ ప్రశ్న మరింత జటిలం. సువర్ణరేఖ, ఖర్కాయ్ నదుల సంగమం దగ్గర హో, సంథాల్, భూమిజ్ పల్లెల నడుమ వెలసిన నగరమిది. 1912లో తొలి ఉక్కు దిమ్మె వచ్చిన నాటి నుంచి దేశం నలుమూలల వారూ ఇక్కడికి చేరారు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు బిష్టుపూర్, కదమా ప్రాంతాల్లో తమ గుడులు, సంఘాలు కట్టుకున్నాయి. మరి ఉక్కు క్వార్టర్లలో మూడో తరం గడుపుతున్న ముండా లూథరన్ ఆచారం పాటిస్తున్నట్లు ఎలా నిరూపించుకోవాలి? ఊరి సర్నా తోపు వంద కిలోమీటర్ల దూరాన ఉంది. పొలం అన్నదమ్ముల చేతిలో ఉంది. ఇంట్లో పిల్లలు హిందీ మాట్లాడుతున్నారు. అదే క్వార్టర్లలోని సర్నా కుటుంబం పరిస్థితీ అంతే. కాని వారిని నిరూపించుకోమని ఎవరూ అడగరు. ఇంకా నిలిచి ఉన్న ఆచారం ఒకటుంది: ఒకే కిలీలో, అంటే ఒకే గోత్రంలో పెళ్లి సంబంధం కలుపుకోరు. చర్చిలో పెళ్లి చేసుకునే ముండా క్రైస్తవుడూ ముందు కిలీ అడుగుతాడు. మతం గడి పట్టుకోలేని తెగ ఇక్కడ ఉంది.

ఆచారమే కొలబద్ద అయితే అందరికంటే ఎక్కువ నష్టపోయేది ఆడపిల్లలు. ముండా, ఉరాంవ్, హో, సంథాల్ తెగలను భారత వారసత్వ చట్టం నుంచి బ్రిటిష్ కాలంలోనే మినహాయించారు. వారికి తెగ ఆచారమే చట్టం. అందువల్ల క్రైస్తవ ఉరాంవ్ కుమార్తెకు క్రైస్తవ వారసత్వ హక్కు దక్కదు. 1908 చట్టంలోని పురుష వారసత్వ నిబంధనలను సవాలు చేసినవారిలో ఒక ఉరాంవ్ క్రైస్తవ మహిళ ఉన్నారు. మధు కిష్వర్ కేసుగా పేరొందిన ఆ వ్యాజ్యంలో 1996లో సుప్రీంకోర్టు నిబంధనలను కొట్టివేయలేదు. భూమిపై ఆధారపడిన స్త్రీలకు జీవనాధార రక్షణ మాత్రం కల్పించింది. 2025 జులైలో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన గోండు కుటుంబ వివాదంలో, స్త్రీని మినహాయించే ఆచారం ఉన్నదని రుజువు కానప్పుడు సమాన వాటా నిరాకరించరాదని అదే కోర్టు స్పష్టం చేసింది. ఇప్పుడు సంఘం ‘మేము ఆచారాన్ని తప్పక పాటిస్తున్నాం’ అని రుజువు చేసుకునే తొందరలో పడితే, కూతుళ్లను భూమికి దూరం పెట్టే ఆచారాన్నీ సమర్థించవలసి వస్తుంది. సమస్త విశ్వాసులూ యాజకులేనని 1520లో రాసిన లూథర్ అనుచరులకు ఇది ఇరకాటమే. ఈ విషయమై పల్పిట్ మీద వినిపించే మాట చాలా తక్కువ.

తెలుగునాట లూథరన్లకు ఈ వివాదం తలకిందులుగా కనిపిస్తుంది. 1842లో హయ్యర్ గుంటూరులో ప్రారంభించిన మిషన్ నుంచి 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. సభ్యుల్లో అత్యధికులు దళితులు. ఛోటానాగ్‌పూర్‌లో మతం మారినా ఎస్టీ హోదా నిలుస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం గుంటూరులో మతం మారితే ఎస్సీ హోదా పోతుంది. హిందువులతో పాటు సిక్కు, బౌద్ధ దళితులకే ఆ హోదా ఉంది. క్రైస్తవ మతం స్వీకరించిన వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరజాలడని 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే మతంతో నిమిత్తం లేకుండా హోదా ఇవ్వాలని సిఫారసు చేయగా, 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి.బాలకృష్ణన్ నేతృత్వంలో మరో కమిషన్ వేసింది.

ఫలితంగా గుంటూరులోనూ రాజమహేంద్రవరంలోనూ కాగితం మీద హిందువు, ఆదివారం క్రైస్తవుడు అన్న జీవనం మామూలైపోయింది. విశ్వాసాన్ని దాచుకుంటే హక్కు దక్కుతుంది. ఛోటానాగ్‌పూర్‌లో ఇప్పటివరకు దాచుకోవలసిన అవసరం రాలేదు. ముండా లూథరన్ మతం గడిలో క్రైస్తవమనీ, తెగ గడిలో ముండా అనీ రాసి ధైర్యంగా సంతకం చేయగలిగాడు. డీలిస్టింగ్ వస్తే జార్ఖండ్ సంఘం కూడా ఆంధ్ర సంఘం నడిచిన దారి పడుతుంది. చర్చి రిజిస్టరులో ఒక పేరు, రెవెన్యూ రికార్డులో మరో పేరు మొదలవుతాయి. మతమార్పిడుల సంఖ్య తగ్గించాలని డిమాండు చేసేవారికి కూడా ఆ పరిణామం వల్ల దక్కేది తప్పుడు లెక్కలే.

ఈ రెండు సంఘాలూ యునైటెడ్ ఎవాంజెలికల్ లూథరన్ చర్చెస్ ఇన్ ఇండియా అనే ఒకే వేదికలో సభ్యులు. ఉత్తరాన ఎస్టీ ప్రశ్న, దక్షిణాన ఎస్సీ ప్రశ్న వేర్వేరు వినతిపత్రాలుగా ఢిల్లీకి వెళ్తున్నంతకాలం అవి ఒకదానికొకటి అడ్డు వస్తూనే ఉంటాయి. ‘ఆచారం పాటిస్తున్నాం గనుక హోదా ఉంచండి’ అన్నది ఉత్తరాది వాదన. ‘మతం మారినా వివక్ష మారలేదు గనుక హోదా ఇవ్వండి’ అన్నది దక్షిణాది వాదన. రెండోది గట్టిది. తెగకు, కులానికి పుట్టుకతో వచ్చే నష్టాన్ని, భూమితో ఉన్న బంధాన్ని కొలవాలి తప్ప పండుగనాడు ఎవరు ఎక్కడ నాట్యం చేశారన్నది కొలవడం న్యాయస్థానం పని కాదని ఉత్తరాది సంఘం కూడా చెప్పగలిగితే, సర్నా కోడ్ డిమాండును బేషరతుగా సమర్థించడానికి దానికి అభ్యంతరమేమీ ఉండదు. తన పొరుగువాడి మతానికి సొంత గడి దొరకడం వల్ల తన తెగ గడి ఖాళీ కాదు. ఆ మేరకు రాంచీ నుంచి ఒక స్పష్టమైన ప్రకటన ఎన్యూమరేటర్లు తలుపు తట్టేలోగా రావలసి ఉంది.